ఎండాకాలంలో రంభకు వెళితే

ప్రశ్న: మే రెండో వారంలో పిల్లలతో ఒడిశాలోని రంభ వెళ్లి చిలికా సరస్సు ఒడ్డున రెండు రోజులు ఉందామనుకుంటున్నాం. పక్షులు, డాల్ఫిన్లు కనిపిస్తాయా? పడవ ఎప్పుడెక్కాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: వలస పక్షుల కోసమైతే ఇప్పుడు వద్దమ్మా, అవి చలికాలపు చుట్టాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లాలి. డాల్ఫిన్లు ఉండేది ముఖ్యంగా సరస్సు అవతలి చివరనున్న సాతపడా వైపు. రంభ నుంచి పడవలో అయ్యే పని కాదు.

రంభ అందం కొండలు, దీవులు. ఉదయం 6 గంటలకే పడవెక్కి 10 లోపు ఒడ్డు చేరండి. పొద్దెక్కేకొద్దీ దక్షిణపు గాలి బలపడుతుంది. సరస్సు లోతు తక్కువ కనుక అలలు పొట్టిగా, నిటారుగా లేచి పడవను కుదిపేస్తాయి. పిల్లలకు వాంతులు పట్టుకునేది అప్పుడే. లైఫ్ జాకెట్ పిల్లల కొలతదే అడగండి. పెద్దవాళ్లది తొడిగితే నీళ్లలో పడగానే తలమీంచి జారిపోతుంది. ఇందులో మాత్రం మొహమాటం వద్దు. బ్రేక్‌ఫాస్ట్ దీవిలో దిగేట్టయితే మనిషికి 2 లీటర్ల మంచినీళ్లు, టోపీ ఉండాలి. చిలికా నీళ్లు ఉప్పన, తాగడానికి పనికిరావు.

రెండో రోజు ఖల్లికోట దగ్గరి నిర్మలఝర్‌కు వెళ్లండి: ఊట నీళ్లు, చెట్ల నీడ. తప్తపాణి వేడినీళ్ల బుగ్గ. దాన్ని చలికాలానికి ఉంచుకోండి.