గ్యాస్ ట్యాంకు ఎక్కడ బిగించాలి: అల్లుడికి మావయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఇన్నోవాకి ఎల్పీజీ కిట్ వేయిద్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏ కిట్ మంచిది, ఎంతవుతుంది అని కనబడిన వాళ్ళందర్నీ అడిగావట. ట్యాంకు ఎక్కడ పెడతారంటే మాత్రం "అది మేస్త్రీ చూసుకుంటాడు" అన్నావట. అందుకే ఈ ఉత్తరం. మేస్త్రీ డిక్కీలో ఖాళీ ఎక్కడుందో చూసి అక్కడ బిగించేస్తాడు. నువ్వు చూసుకోవాల్సినవి వేరే రెండున్నాయి. ట్యాంకు దగ్గర గ్యాస్ లీకైతే అది ఎటు పోతుంది? ఎవడైనా బండిని గుద్దితే ట్యాంకు ఏమవుతుంది? ఈ రెండింటికీ సరైన జవాబు దొరికిన చోటే ట్యాంకుకి చోటు.

నీది పెట్రోలు ఇంజను కాబట్టి ఇదంతా చెబుతున్నాను. డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్గులుండవు, ఈ కిట్లు దానికి పనికిరావు. మీ ఫ్రెండు డీజిల్ వ్యానుకి కూడా వేయిస్తానంటున్నాడట, వద్దని గట్టిగా చెప్పు.

ముందు గ్యాస్ గుణం తెలుసుకో. ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్ కలిసినది. ప్రొపేన్ ఆవిరి గాలికంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ ఆవిరి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి తేలిపోదు, నీళ్ళలా పల్లానికి పారుతుంది. మన ఊరివాళ్ళకి ఇది పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. 1997 సెప్టెంబరు 14 ఉదయం మన విశాఖ మల్కాపురం రిఫైనరీలో లీకైన ఎల్పీజీ అలాగే పరుచుకుని అంటుకుంది. పదుల మంది ప్రాణాలు పోయాయి. బండిలో లీకైతే సీట్ల కింద, కార్పెట్ మీద చేరుతుంది. అద్దాలు దించితే పోతుందిలే అనుకోకు, గ్యాస్ ఉండేది అద్దం అంచుకి ఎంతో కింద.

ఇక నీ బండిలో ట్యాంకు పెట్టగల చోట్లు మూడు.

మొదటిది వెనక కింద స్టెప్నీ వేలాడే చోటు. అక్కడికి టైరు ఆకారంలో గుండ్రంగా ఉండే ట్యాంకు వస్తుంది. డిక్కీ ఖాళీగా ఉంటుంది, లీకైనా గ్యాస్ బయటే పోతుంది. చాలామంది దీనికే మొగ్గుతారు. నాకు మాత్రం నీ బండికి ఇది నచ్చలేదు. నువ్వు తిప్పేది భీమిలి బీచ్ రోడ్డు మీద, అరకు ఘాట్లో. సముద్రపు ఉప్పు గాలికి మన ఊళ్ళో బండి అడుగు ఎలా తుప్పు పడుతుందో నీకు తెలుసు. వానాకాలం ఘాట్లో ఎగిరే రాళ్ళూ బురదా సరాసరి వాల్వు మీదకే వస్తాయి. పైగా ఎనిమిది మందిని ఎక్కిస్తే వెనక భాగం దిగిపోతుంది. యూరోపు నిబంధనల ప్రకారం ట్యాంకు రోడ్డుకి కనీసం 200 మిల్లీమీటర్లు పైన ఉండాలి. ఖాళీ బండి కింద టేపు పెట్టి కొలిచి సరిపోయిందంటే కుదరదు, మనుషులు కూర్చున్నాక కొలవాలి. ఇంకో సంగతి, స్టెప్నీ అక్కణ్ణుంచి తీస్తే డిక్కీలోకే రావాలి. అప్పుడు మిగిలిన చోటేది? స్టెప్నీ లేకుండా అనంతగిరి ఘాట్ ఎక్కుతానంటే నేను ఒప్పుకోను.

రెండోది ఛాసిస్ పట్టీల మధ్య, అంటే బండి అడుగున బరువు మోసే రెండు ఇనప దూలాల నడుమ, పొడుగ్గా. వెనకనుంచి గుద్దినా తగలదు కాబట్టి ప్రమాదం దృష్ట్యా మంచి చోటే. కానీ పెట్రోలు ట్యాంకు, సైలెన్సర్ పైపు పోగా అక్కడ మిగిలేది తక్కువ. సైలెన్సర్‌కి 100 మిల్లీమీటర్లలోపు గ్యాస్ సామాను ఏది వచ్చినా మధ్యలో వేడి ఆపే రేకు ఉండాలి. అదీకాక ట్యాంకు బండి పొడుగు వెంబడి ఉంటే, శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేటప్పుడు లోపలి ద్రవమంతా వెనక కొసకి జారిపోతుంది. వాల్వు ఉండేది ట్యాంకు నడుమ. గ్యాస్ అడుగంటే వేళకి వాల్వు గొట్టానికి ద్రవం బదులు ఆవిరి అందుతుంది. సరిగ్గా మలుపులో ఇంజను గునుస్తుంది.

మూడోది మూడో వరస సీటు వెనక, అడ్డంగా. నా మాట వింటే ఇక్కడే పెట్టించు. అడ్డంగా ఉన్న ట్యాంకులో ఎత్తు ఎక్కినా దిగినా ద్రవం పెద్దగా జరగదు. ఉప్పు గాలి, బురద తగలవు. వాల్వు చేతికందుతుంది. 60 లీటర్ల ట్యాంకు 315 మిల్లీమీటర్ల లావు, దాదాపు 85 సెంటీమీటర్ల పొడవుంటుంది, చక్రాల గూళ్ళ మధ్య సరిపోతుంది. లగేజి చాలావరకు పైన క్యారియర్ మీదకి పోతుంది, దానికి నువ్వు సిద్ధపడాలి. ట్యాంకూ గ్యాసూ కలిపి వెనక చక్రాల అవతల ఒక మనిషి బరువు పడుతుంది కాబట్టి సామాను లెక్క కూడా ఆ మేరకు తగ్గించుకో. వెనక డోరుకి ఆనించి పెట్టనివ్వకు, వీలైనంత సీటు వైపుకి జరిపించు. గుద్దుకుంటే నలగడానికి డోరుకీ ట్యాంకుకీ మధ్య కాస్త జాగా ఉండాలి.

లోపల పెట్టడంలో ఉన్న ఒకే ఒక భయం లీకు. దానికి మందు వాల్వు పెట్టె. గ్యాస్ నింపే, తీసే, ఆపే వాల్వులన్నీ ఒకే ముక్కగా ఉండే దాన్ని మల్టీవాల్వ్ అంటారు. అది మొత్తం గాలి చొరబడని పెట్టెలో ఉండాలి. ఆ పెట్టె నుంచి గొట్టం నేల రేకు గుండా కిందకి దిగి ఆరుబయటికి తెరుచుకోవాలి. గొట్టం మూతి చక్రం గూటిలోకి గానీ సైలెన్సర్ వైపుగానీ తిరగకూడదు. మేస్త్రీలు తొందరలో ఈ గొట్టాన్ని మడత పడనిస్తారు, లేదా కన్నం చిన్నది పెట్టి నొక్కేస్తారు. బిగించాక నువ్వే బండి కింద పడుకుని చూడు. పెట్టె మూత తీయించి గొట్టంలోకి నోటితో ఊది, కింద మూతి దగ్గర ఎవరినైనా చెయ్యి పెట్టమను. గాలి తగలాలి.

ఇక బిగింపు. ట్యాంకుని స్టాండు మీద ఇనప పట్టీలతో కట్టి, పట్టీకీ ట్యాంకుకీ మధ్య రబ్బరు వెయ్యాలి. ట్యాంకుకి కన్నం పెట్టడం, వెల్డింగ్ తగిలించడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. స్టాండు బోల్టులు నేల రేకు మీదనే ఆగకూడదు, కింద మందపాటి ప్లేటు వేసి బిగించాలి. కార్లకి యూరోపు నిబంధన ఏమిటంటే, నిండు ట్యాంకు బరువుకి 20 రెట్ల బలం ప్రయాణ దిశలో పడినా అది ఊడి రాకూడదు. 55 కిలోలనుకుంటే టన్ను పైమాట. ఆ ట్యాంకు ముందు కూర్చునేది ఎవరి పిల్లలో ఆలోచించుకో.

అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేది వాల్వు కోణం. మల్టీవాల్వ్ మీద 315-30 లాంటి అంకెలు కొట్టి ఉంటాయి. మొదటిది ట్యాంకు లావు, రెండోది వాల్వు ఎంత వాలుగా ఉండాలో డిగ్రీల్లో. లోపల ద్రవం మీద తేలే ఒక ఫ్లోట్ ఉంటుంది, ట్యాంకు 80 శాతం నిండగానే అదే గ్యాస్ ఆపేస్తుంది. ఎండకి ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి మిగతా 20 శాతం ఖాళీ ఉండి తీరాలి. చోటు చాలక మేస్త్రీ ట్యాంకుని కాస్త దొర్లించి బిగించాడనుకో, ఫ్లోట్ లెక్క తప్పుతుంది. మొదటిసారి చదునైన చోట ఉన్న బంకులో, పూర్తిగా ఖాళీ ట్యాంకుతో నింపించి మీటరు చూడు. 60 లీటర్ల ట్యాంకులో 48 పడాలి. 53, 54 దాకా పోతే ఆ బండిని మే నెల ఎండలో నిలపకు, నేరుగా షెడ్డుకి పట్టుకుపో.

ట్యాంకు ఎలా పెట్టినా నంబరు, తేదీ ఉన్న ప్లేటు కనబడేలా పెట్టించు. ట్యాంకుని అయిదేళ్ళకోసారి విప్పి పరీక్ష చేయించాలి. ఇప్పుడు దాని చుట్టూ ప్లైవుడ్డు కొట్టించి కార్పెట్ అంటిస్తే అప్పుడు అంతా పీకాల్సిందే. నీ మోడల్‌కి అప్రూవల్ ఉన్న కిట్టే తీసుకో, పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ అనుమతి తీసుకో, తర్వాత ఆర్సీలో ఇంధనం మార్పించు, ఇన్సూరెన్సు వాళ్ళకి రాసివ్వు. వంటింటి సిలిండరు సంగతి ఎవడైనా ఎత్తితే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్. అది నేరం. పైగా దానికి 80 శాతం దగ్గర ఆపే ఫ్లోట్ ఉండదు, గుద్దుడుకి తట్టుకునే బిగింపూ ఉండదు.

ఆటోనగర్లో షెడ్డు ఖాయం చేసుకున్నాక నాకు చెప్పు. ట్యాంకు తెప్పించనీ, నేల రేకుకి కన్నాలు మాత్రం నేనొచ్చేదాకా పెట్టనివ్వకు. బండి లిఫ్టు మీదకి ఎక్కించి కిందనుంచి బ్రేకు పైపులు, పెట్రోలు పైపు ఎటు పోతున్నాయో చూసి బోల్టులు ఎక్కడ దిగాలో సుద్దతో గుర్తు పెట్టి ఇస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య