ఆ మౌత్ ఆర్గాన్ ఎక్కడెక్కడ వినిపించింది?

హైదరాబాద్

తమ్ముడూ,

'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' సంగీతం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. 1968 నాటి కౌబాయ్ సినిమా నీకింత నచ్చినందుకు సంతోషం. కానీ 'గుండెను పిండేసే', 'వెంటాడే' లాంటి మాటలే నిండా ఉన్నాయి. ఆ బాణీలతో సంగీత దర్శకుడు మోరికోనే ఏం చేశాడో లేదు.

మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో ఇయర్‌ఫోన్స్‌లో విని రాశానన్నావు. చిక్కంతా అక్కడే. విడిగా వింటే అది మంచి ట్యూన్, అంతే. దానికి అర్థం వచ్చేది సీన్లలో.

మొదటి స్టేషన్ సీన్ చూడు. చాలాసేపు సంగీతమే లేదు. గాలిమర కిర్రుమంటుంది, ఈగ రొద పెడుతుంది, టోపీ మీద నీటి చుక్కలు పడుతుంటాయి. రైలు కదిలాక మౌత్ ఆర్గాన్ వినిపిస్తుంది. అప్పటికి అది ఒక మనిషి వచ్చాడన్న కబురు మాత్రమే. ఆ తర్వాత విలన్ ఫ్రాంక్ 'నువ్వెవరు' అని అడిగితే, ఆ మౌత్ ఆర్గాన్ మనిషి చనిపోయినవాళ్ళ పేర్లు చెబుతాడు. ఫ్రాంక్ కోసం మోగే గిటార్, ఇతని మౌత్ ఆర్గాన్ ఒకే బాణీలో కలిసి నడుస్తాయి. వాళ్ళిద్దరికీ పాత లెక్కేదో ఉందని కథ కంటే ముందు సంగీతమే చెప్పేస్తుంది. చివరికి ఆ లెక్క తెలుస్తుంది: మెడకు ఉరితాడుతో అన్న తన భుజాల మీద నిలబడి ఉంటే, అప్పటికి పిల్లాడైన ఇతని నోట్లో ఫ్రాంక్ మౌత్ ఆర్గాన్ కుక్కాడు. స్వరాలు మారలేదు. కానీ మనం ముందు విన్నవన్నీ ఆ క్షణాన మారిపోతాయి. ఇది రాయి.

దొంగల నాయకుడు షయెన్ చనిపోయేటప్పుడు అతని బాణీ మధ్యలోనే ఆగిపోతుంది. అదీ రాయలేదు నువ్వు.

మన దగ్గర పాటలు ముందే రికార్డు చేసి సెట్లో ప్లే చేయడం మామూలే. ఈ సినిమా దర్శకుడు లియోనే నేపథ్య సంగీతాన్నే ముందు చేయించి, షూటింగ్‌లో వినిపించాడు. నటుల నడకలో ఆ నెమ్మది ఎక్కడిదనుకున్నావు?

'షోలే' పేరా మాత్రం బాగుంది. జై మౌత్ ఆర్గాన్ వాయిస్తుంటే రాధ దీపాలార్పడం, అంతే చెప్పి ఊరుకున్నావు. మిగతాదీ అలాగే రాయి. రాగాల పేర్ల జోలికి పోకు.

కథానాయిక జిల్ బాణీ ఆమె స్టేషన్లో ఎవరూ రాక ఒంటరిగా నిలబడ్డప్పుడు మొదలవుతుంది, గాయని ఎడ్డా డెల్ ఓర్సో గొంతులో, మాటల్లేకుండా. ముగింపులో అదే బాణీకి ఆమె రైల్వే కూలీలకు నీళ్ళందిస్తుంటుంది. ముందు ఈ రెండు సీన్ల మీద ఒక పేజీ రాసి పంపు.

మీ అన్నయ్య