అరచేతుల సోరియాసిస్‌కి లైట్ పెట్టించుకోవాలా, డాబా మీద ఎండ చాలదా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు, టైలరింగ్ చేస్తాను. ఆరేళ్లుగా అరచేతులు, అరికాళ్లలో సోరియాసిస్. ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. ఇప్పుడు డాక్టర్ గారు లోషన్ రాసి లైట్ పెట్టాలంటున్నారు. మా ఆడపడుచేమో ఆ లోషనే కొనుక్కుని ఎండలో కూర్చో, లైట్‌కి డబ్బులు దండగ అంటోంది. దీనివల్ల క్యాన్సర్ వస్తుందా?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ డాక్టర్ గారు సరిగ్గానే చెప్పారమ్మా. లైట్ అంటే ఎండలో కూడా ఉండే అతినీలలోహిత (UVA) కిరణాలే, మిషన్‌తో పెడతారు. అరచేతుల్లో చర్మం దళసరి, పైన పొట్టు కట్టి ఉంటే ఆయింట్‌మెంట్ లోపలికి దిగదు, స్టెరాయిడ్ ఏళ్ల తరబడి రాస్తూ పోలేం కదా.

మీ ఆడపడుచు మాట కూడా మరీ గాల్లోది కాదు, మన పెద్దలు బొల్లికి బావంచాలు నూరి రాసి ఎండలో కూర్చోబెట్టేవాళ్లు, ఆ గింజల్లో ఉండేదీ లోషన్లో ఉండేదీ ఒకటే జాతి, సోరలెన్, అంటే చర్మం మీద ఆ కిరణాలు గట్టిగా పని చేసేలా చేసే పదార్థం. మిషన్ అందుబాటులో లేనివాళ్లకి ఇప్పటికీ నిమిషాలు లెక్కగట్టి ఎండే రాస్తాం. చిక్కల్లా డోసుతోనే, మే నెల ఎండా డిసెంబర్ ఎండా ఒకటి కాదుగా! పైగా ఈ మందుతో కాలితే అదే రోజు తెలీదు, రెండు మూడు రోజులకి గానీ పూర్తిగా బయటపడదు, ఈలోపు ఏం కాలేదులే అని ఇంకో పది నిమిషాలు ఎక్కువ కూర్చుంటారు. ఒకాయన అలాగే కూర్చుని పాదాల నిండా బొబ్బలతో వచ్చారు, లోషన్ రాసిన చూపుడు వేలు కడుక్కోలేదంట, దానిమీద కూడా బొబ్బే.

మిషన్లో అయితే లోషన్ రాశాక 20-30 నిమిషాలు ఆగి చేతులు, కాళ్లు లైట్ ముందు పెడతారు, తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. వారానికి రెండు మూడు సార్లు, మొత్తం 20-30 సిట్టింగులు పట్టొచ్చు, నాలుగు సార్లకే మానేసి పని చెయ్యలేదనకండి. అయ్యాక సబ్బుతో కడుక్కుని ఆ రోజూ మర్నాడూ ఎండ తగలకుండా గ్లౌజులు, సాక్సులు వేసుకోండి.

క్యాన్సర్ భయం ఎక్కువగా సోరలెన్ మాత్రలు మింగి వందల సిట్టింగులు తీసుకున్న తెల్లవాళ్లలో చూసిన సంగతి. చేతులకి, కాళ్లకి మాత్రమే పెట్టే లైట్‌తో, మన రంగు చర్మానికి ఆ రిస్క్ బాగా తక్కువ, అయినా ఎన్ని సిట్టింగులయ్యాయో కార్డులో రాయించుకోండి. డాక్సీసైక్లిన్ గానీ, బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్న బిళ్లలు గానీ వాడుతుంటే ముందే చెప్పండి, అవి ఎండకి కందిపోయేలా చేస్తాయి. గర్భిణులకైతే లోషన్ అక్కర్లేని 311 నానోమీటర్ల లైట్ (ఇంకో రకం అతినీలలోహిత కిరణాలు, UVB) వేరే ఉంది. మొండి ఎగ్జిమాకి కూడా లైట్ పెడతాం గానీ సర్ఫు, సిమెంటు లాంటివి ముట్టుకుంటూనే ఉంటే ఎన్ని సిట్టింగులైనా తిరగబెడుతుంది.