ఎర్త్ వైరు పోతే ఆల్టర్నేటర్ మార్చారు: కట్టిన డబ్బు తిరిగి అడగొచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ. నాది 2012 మోడల్ డీజిల్ కారు. పొద్దున పూట సెల్ఫ్ తీసుకోకపోవడం, రాత్రిళ్లు హెడ్‌లైట్లు మసకబారడం, మీటర్ బోర్డులో బ్యాటరీ గుర్తు వెలిగి ఆరిపోవడం మొదలైంది. హైదరాబాద్‌లో ఒక గ్యారేజీలో ఇస్తే ముందు బ్యాటరీ మార్చారు, 6,200. తర్వాత ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం) అన్నారు, 13,500. ఆ రెండూ నేను ఒప్పుకున్నవే. ఆ తర్వాత నన్ను అడగకుండానే ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) విప్పి రిపేరు చేయించామని 9,000, మజూరీ 2,300 వేశారు. కట్టకపోతే బండి ఇవ్వమన్నారు, వేరే దారి లేక మొత్తం 31,000 ఫోన్‌లోనే పంపాను. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద రాసిచ్చారు. నాలుగో రోజుకే మళ్లీ అదే సమస్య. ఇక్కడ మా ఊరి ఎలక్ట్రీషియన్ గేర్‌బాక్స్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) చిలుము పట్టి తెగిపోయిందని చూపించి 650 రూపాయల్లో బాగుచేశాడు. రెండు నెలలుగా ఏ ఇబ్బందీ లేదు. పాత బండి కాబట్టి కేసు నిలవదు, ఇన్సూరెన్స్‌లో ప్రయత్నించు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: పాత బండి కాబట్టి కేసు నిలవదు అన్న మాట ముందు మనసులోంచి తీసేయండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో మీరు డబ్బిచ్చి సేవ పొందారా, ఆ సేవలో లోపం ఉందా అన్నదే ప్రశ్న, బండి వయసు అందులో ఎక్కడా లేదు. కాకపోతే బండి పాతదైతే అవతలివాళ్లకు చెప్పుకోవడానికి ఒక సాకు దొరుకుతుంది: ‘ఇన్నేళ్ల పాత వైరింగ్ సార్, ఒకటి బాగుచేస్తే ఇంకోటి పోతుంది’ అంటారు. ఆ మాట చాలాసార్లు నిజమే కూడా. అందుకే సమస్య తిరగబెట్టింది అని మాత్రమే చెబితే మీ కేసు నిలవదు. పరీక్ష చేయకుండా సామాను మార్చారు, అడగకుండా పని చేసి డబ్బు వసూలు చేశారు, ఈ రెండూ చెబితే నిలుస్తుంది.

మొదటిది నిరూపించడానికి కాస్త సాంకేతిక విషయం మీకూ తెలిసి ఉండాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపించాలి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 దాకా రావాలి. నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర తక్కువ చూపిస్తే ఆల్టర్నేటర్ పోయిందని అనేసుకోవడం తేలిక, కానీ వోల్టేజీ కొలిచే మల్టీమీటర్‌ను ఆల్టర్నేటర్ దగ్గరే పెట్టి చూస్తే 14 పైన చూపిస్తోందనుకోండి, అది బాగానే ఉన్నట్టు, తేడా మధ్యలో వైర్లలోనో ఎర్త్‌లోనో ఉన్నట్టు. ఇంకోటి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బాడీకీ మధ్య కొలిస్తే వోల్టులో రెండు మూడు పదో వంతులకు మించి కనిపించకూడదు, అంతకు బాగా ఎక్కువ వస్తే ఎర్త్ పోయినట్టే. ఇవన్నీ పది నిమిషాల పని. మీరు చెప్పిన మూడు లక్షణాలు కలిసి వచ్చినప్పుడు ఎవరైనా ముందు చూడాల్సిందే ఎర్త్, అది చూడకుండా 13,500 పెట్టించడాన్ని చట్టం భాషలో సేవాలోపం అని వాదించవచ్చు.

వాదించవచ్చు అన్నాను, గెలిచేస్తారని అనలేదు. లోపం ఉందని చూపించే బాధ్యత ఫిర్యాదు చేసినవాళ్లదేనని సుప్రీంకోర్టు 2021లో మళ్లీ స్పష్టం చేసింది. వాళ్లు ఆ కొలతలన్నీ తీసి, రాసిపెట్టుకుని, అయినా పొరబడి ఉంటే అది వేరే సంగతి, నిజాయితీగా చేసిన ప్రతి పొరపాటూ సేవాలోపం కాదు. అందుకే గ్యారేజీకి పంపే నోటీసులో మొదటి ప్రశ్నగా ‘ఆల్టర్నేటర్ మార్చే ముందు ఏ పరీక్షలు చేశారు, ఎంత వోల్టేజీ వచ్చింది’ అని అడగండి. జవాబు లేకపోతే ఆ మౌనమే మీకు పనికొస్తుంది.

మీ దగ్గర ఉన్న అసలైన సాక్ష్యం ఆ తెగిన వైరు. పారేయలేదు కదా? ఉంటే తోమకండి, తుడవకండి, పచ్చగా పట్టిన చిలుముతో సహా అలాగే ఒక కవర్లో పెట్టి, దాని మీద తేదీ రాసి, మీ ఎలక్ట్రీషియన్ సంతకం తీసుకోండి. బండిలో అది ఉన్న చోటు ఫొటో తీయండి. అతని దగ్గర 650కి రసీదు తీసుకుని, తనకేం కనిపించింది, ఏం కొలిచాడు, ఏం మార్చాడు అన్నది అతని మాటల్లోనే అఫిడవిట్‌గా రాయించండి. వినియోగదారుల కమిషన్‌లో మామూలుగా అఫిడవిట్లు, కాగితాల మీదే విచారణ జరుగుతుంది కాబట్టి ఆ ఒక్క కాగితం బరువు చాలా ఉంటుంది. అతను ‘కోర్టు గొడవలు నాకెందుకు సార్’ అనొచ్చు, ఓపిగ్గా నచ్చజెప్పండి.

పాత ఆల్టర్నేటర్ ఏమైందో మీరు రాయలేదు. అది మీ సొత్తు, గ్యారేజీది కాదు. ఎక్స్చేంజ్ కింద ఇచ్చేస్తున్నట్టు మీరు ఒప్పుకుని ఉండకపోతే వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. దొరికితే ఆల్టర్నేటర్లు, సెల్ఫ్ మోటార్లు బాగుచేసే షాపులో బెంచ్ మీద తిప్పించి, ఎంత వోల్టేజీ వస్తోందో కాగితం మీద రాయించండి. అది బాగా పనిచేస్తోందని తేలితే మీ కేసు సగం గెలిచినట్టే.

ఇక ఈసీఎం సంగతి. నా దృష్టిలో మీకు అన్నింటికంటే గట్టి పాయింటు ఇదే. బాగుచేసినవాడు తన కూలీ వచ్చేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చని కాంట్రాక్టు చట్టం, 1872లోని 170వ సెక్షన్ అంటుంది, నిజమే, కాబట్టి ‘బండి ఇవ్వం’ అన్న ప్రతి గ్యారేజీ తప్పు చేసినట్టు కాదు. కానీ ఆ హక్కు మీరు అప్పజెప్పిన పనికి రావాల్సిన కూలీ మటుకే, మీరు చెప్పని పనికి కాదు. మరి కట్టేశాం కదా అంటారేమో. అదే చట్టంలో 72వ సెక్షన్ ఉంది, పొరపాటునో బలవంతం మీదో చెల్లించిన డబ్బును పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వాలి. దాని కింద చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది: రైల్వే కంపెనీ చట్టవిరుద్ధమైన ఛార్జీ కడితే గానీ సరుకు ఇవ్వనంటుంది, సరుకు అందుకోవాల్సినవాడు దాని కోసం కట్టేస్తాడు, అక్రమంగా ఎక్కువ తీసుకున్నంత మేరకు తిరిగి రాబట్టుకోవచ్చు అని. సరుకు ఉన్న చోట మీ కారును పెట్టి చదవండి, మీ కథే. అందుకే ఆ రోజు మీరు ‘ఈసీఎం పని నేను చెప్పలేదు’ అని పంపిన మెసేజ్ ఏదైనా ఉందేమో వెతకండి. ఉంటే ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. ప్రింటుతో పాటు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జత చేయాలి. కమిషన్ దీన్ని సివిల్ కోర్టంత కచ్చితంగా పట్టుకోకపోవచ్చు, అయినా ఆ సందు అవతలివాళ్లకు ఇవ్వడం ఎందుకు?

బిల్లు లేదని టెన్షన్ పడకండి, ఫోన్‌లో పంపిన డబ్బుకు బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది, తెల్ల కాగితమూ ఉంది. సేవకు సరైన బిల్లు ఇవ్వకపోవడం కొత్త చట్టంలో అక్రమ వ్యాపార పద్ధతుల కిందికి వస్తుంది, ఫిర్యాదులో ఆ మాట కూడా రాయండి.

ఇన్సూరెన్స్ మాట వదిలేయండి. మోటారు పాలసీలో అరుగుదల, మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ స్పష్టంగా మినహాయింపులే. అదే వైరింగ్ వల్ల బండికి నిప్పంటుకుని ఉంటే కథ వేరుగా ఉండేది, ఎందుకంటే ఫుల్ పాలసీలో అగ్ని ప్రమాదం, తనంతట తాను అంటుకోవడం కూడా కవరవుతాయి.

ఎంత అడగాలి? బ్యాటరీ 6,200 అడగకండి. మీ పాతది ఎన్నేళ్లదో రాయలేదు, కొత్తది మీరు వాడుకుంటున్నారు, దానికి వారంటీ కూడా ఉండి ఉంటుంది. ఈసీఎం 9,000, మజూరీలో దానికి సంబంధించిన భాగం, గట్టిగా అడగండి. ఆల్టర్నేటర్‌కు పాతది బాగుందని తేలితే పూర్తిగా, లేకపోతే కొంతైనా. వీటి మీద వడ్డీ, తిరిగిన ఖర్చులు, మానసిక వేదనకు ఒక మోస్తరు పరిహారం. 31 వేల వ్యవహారానికి ఐదు లక్షల పరిహారం అడిగితే మిగతా నిజమైన మాటల మీద కూడా నమ్మకం తగ్గుతుంది, నేనైతే అలా రాయను.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజులు గడువు ఇవ్వండి. వకీలు నోటీసే కానక్కర్లేదు, మీరే రాయొచ్చు. ఈలోగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, కొన్ని అక్కడే తెగిపోతాయి. తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి, దానికి హైదరాబాద్ తిరగాల్సిన పని లేదు: ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేయొచ్చని 2019 చట్టం చెబుతోంది కాబట్టి నల్గొండలోనే వేయండి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు, మీరే వాదించుకోవచ్చు. మీది సొంత బండి అనుకుని రాస్తున్నాను, ఒకవేళ టాక్సీ ప్లేటు అయినా మీరే నడుపుకుంటూ బతుకుదెరువు కోసం వాడుతుంటే మీరు వినియోగదారు కిందికే వస్తారు, ఆ సంగతి ఫిర్యాదులోనే రాయాలి.

గడువు రెండేళ్లు, మీకింకా చాలా సమయం ఉంది. కానీ గ్యారేజీలో ఆ పాత ఆల్టర్నేటర్ అంతకాలం ఉండదు, తుక్కుకు వెళ్లిపోతుంది. కాబట్టి దాన్ని వెనక్కి ఇమ్మంటూ ఒక మెసేజ్, ఈ రోజే పంపండి.