ఊరి చరిత్ర ఎక్కడ వెతకాలి? పాత పుస్తకాలను ఎలా కాపాడాలి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర చిన్న ఊరు. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు మా శాఖా గ్రంథాలయంలో ఊరి చరిత్ర మీద గోడపత్రిక పెట్టాలనుకుంటున్నాం. గుంటూరు జిల్లా పుస్తకాల్లో ఎంత వెతికినా పందొమ్మిదో శతాబ్దం సంగతులు దొరకడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉండేదో చూసుకోండి. 1859లో గుంటూరును కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్లీ విడి జిల్లా అయింది 1904లోనే. కాబట్టి మీకు కావలసింది 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ (జిల్లా వివరాలన్నీ ఒకచోట చేర్చిన పుస్తకం). అదే ఒంగోలు వైపు వాళ్లయితే 1873 నాటి నెల్లూరు మాన్యువల్ తీయాలి. రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి. ఊరి పేరు ఇప్పటి స్పెల్లింగుతో దొరక్కపోతే, చెవికి ఎలా వినిపిస్తే అలా నాలుగైదు రకాలుగా రాసుకుని వెతకండి.

తర్వాత కైఫియతులు, అంటే ఊరి సంగతులు రాయించిన పాత రాతలు. కాలిన్ మెకంజీ (ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి; ఈయన వేరు, గోర్డన్ వేరు, చాలామంది ఒక్కరే అనుకుంటారు) 1821లో చనిపోయేదాకా తన మనుషుల్ని ఊరూరా పంపి, కరణాలు చెప్పినవీ వాళ్ల దగ్గరున్న కవిలెల్లోవీ (పాత ఊరి లెక్కల పుస్తకాలు) రాయించాడు. గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ పొలం ఎవరికి మాన్యం అన్నవి అందులో ఉంటాయి. అయితే మాన్యం నిలుపుకోవాలన్న ఆశ కూడా చెప్పేవాళ్లలో ఉండేదని మరవకండి. కైఫియతులో ఉన్న రాజు పేరునూ సంవత్సరాన్నీ గుళ్లోని శాసనంతో సరిచూశాకే గోడపత్రికకు ఎక్కించండి. తెలుగు శాసనాలకు ‘దక్షిణ భారత శాసనాలు’ పదో సంపుటం తిరగేయండి. పుస్తకం చివర ఉన్న ఊరి పేర్ల సూచికను ముందే చూస్తే పని సగం తగ్గుతుంది.

ఇక మనుషుల జ్ఞాపకాలు. పెద్దవాళ్లను ‘అది ఏ సంవత్సరం తాతా?’ అని అడిగితే ఏదో ఒక అంకె చెప్పేస్తారు. ‘ఉప్పెనకు ముందా, తర్వాతా?’ అని అడగండి. మీ ప్రాంతంలో 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మర్చిపోయినవాళ్లు ఉండరు. అంతకు ముందువాటికి 1952 మొదటి ఎన్నికలను గుర్తుగా పెట్టుకోండి. చెప్పినవారి పేరు, వయసు, అడిగిన తేదీ కాగితం మీద అప్పుడే రాసుకోవాలి. ఇంటికొచ్చాక రాద్దామంటే సగం మీ మాటలైపోతాయి.

గోడపత్రికలో ఒక మూల పడవ గ్రంథాలయానికి తప్పకుండా కేటాయించండి. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాటూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పుస్తకాల పడవ నడిపించారు. అది మీ చుట్టుపక్కల ఊళ్ల కథే. ఆ కాలువ గట్టున ఇంకా పెద్దవాళ్లున్న ఇళ్లకు వెళ్లి, వాళ్ల అమ్మానాన్నలు ఏం చెప్పుకునేవారో అడగండి.

ప్రశ్న: మా నాన్నగారి పెట్టెలో ఒక రశీదు మీద 1345 ఫసలీ అనీ, ఒక పుస్తకం మీద విభవ నామ సంవత్సరం అనీ ఉంది. మాది నల్లగొండ జిల్లా. ఇవి ఇంగ్లీషు లెక్కలో ఏ సంవత్సరాలు?

ఫసలీ అంటే పన్నుల లెక్కకు వాడిన సంవత్సరం. దానికి 590 కలపండి. 1345 అంటే 1935. నిజాం రాజ్యంలో ఫసలీ అక్టోబరు మొదట్లో మొదలయ్యేది గనుక ఆ రశీదు 1935 అక్టోబరుకూ 1936 అక్టోబరుకూ మధ్యది. మద్రాసు రాష్ట్రంలో ఫసలీ జులై 1న మొదలయ్యేది, ఆ తేడా గుర్తుంచుకోండి. విభవ అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1868-69, 1928-29, 1988-89. వీటిలో ఏదో తేల్చడానికి ముఖపత్రం మీద శకం కూడా ఉందేమో చూడండి. శాలివాహన శకం 1850 అని ఉంటే 78 కలిపితే 1928.

ప్రశ్న: అటక మీది పాత పుస్తకాలు గ్రంథాలయానికి ఇద్దామనుకుంటే వాటి నుంచి పిండిలాంటి పొడి రాలుతోంది. ఎండలో పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?

వద్దు. ఎండకు పాత కాగితం ఇంకా పెళుసెక్కి, మడతల దగ్గర విరుగుతుంది. గుండుసూది తల అంత గుండ్రటి కన్నాలు, సన్నటి పొడి ఉంటే లోపల పుస్తకాల పురుగు ఉన్నట్టే. అదే మట్టి పూత కనిపిస్తే చెదలు. అప్పుడు పుస్తకం కంటే ముందు గోడకు మందు కొట్టించాలి.

పురుగుకు ఇంటి ఫ్రిజ్ చాలు. పుస్తకాన్ని పాలిథిన్ కవరులో పెట్టి, గాలి నొక్కేసి, మూతి టేపుతో మూసి, దానిమీద ఇంకో కవరు వేయండి. ఫ్రీజర్‌ను బాగా చల్లగా ఉండే గుర్తు దగ్గర పెట్టి రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక పూర్తి రోజు కవరు విప్పకూడదు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. చల్లటి పుస్తకాన్ని వెంటనే విప్పితే గాలిలోని తేమ నీటి బొట్లుగా కాగితం మీద పడుతుంది, నెల తిరక్కుండా బూజు పడుతుంది. తర్వాత మెత్తటి బ్రష్‌తో, లోపలి అంచు నుంచి బయటికి దులపండి. తాళపత్రాలకు మాత్రం ఈ పద్ధతి వాడకండి.

చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి. కొన్నేళ్లకు టేపు ఊడుతుంది, గోధుమరంగు మరక మాత్రం మిగిలిపోతుంది. పల్చటి టిష్యూ కాగితం, పిండి జిగురు చాలు. కొందరు పాత బైండర్లు జిగురులో మైలుతుత్తం కలిపేవారు. పురుగు రాదు నిజమే, కానీ కాగితాన్ని అది కొరికేస్తుంది.

ఇచ్చేముందు ఒక జాబితా రాయండి: పేరు, రచయిత, అచ్చుకూటం, సంవత్సరం, లేని పేజీలు. బజారులో దొరికే నవలల కంటే మీ బడి వార్షికోత్సవ సంచిక, తిరునాళ్ల కరపత్రం, సహకార సంఘం నివేదిక గ్రంథాలయానికి ఎక్కువ విలువైనవి. వాటికి వేరే ప్రతి ఎక్కడా ఉండకపోవచ్చు.

ప్రశ్న: ఇంటి పన్ను రశీదులో గ్రంథాలయ పన్ను ఎందుకు?

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు. వెయ్యి రూపాయల పన్నుకు 80 రూపాయలు. స్థానిక సంస్థ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీ శాఖకు పత్రికలు తగ్గిపోతే, ఆ పన్ను ఎంత వసూలైందో, ఎంత జమ చేశారో సమాచార హక్కు దరఖాస్తులో పంచాయతీని అడగండి.

ప్రశ్న: స్థానిక చరిత్ర చదవడం ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు?

సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దీనికే వచ్చింది. రాజుల వరుస కోసం కాదు, జనం ఏం తిన్నారో, ఏం కట్టారో, ఏ ఆటలాడారో కావ్యాల్లోంచి ఎలా ఏరుకోవాలో నేర్చుకోవడానికి చదవండి. పక్కన కాగితం పెట్టుకుని, మీ ఊళ్లో ఇంకా వినిపించే మాటలూ ఆటలూ తగిలినప్పుడల్లా పేజీ సంఖ్యతో రాసుకోండి.