సంతకం పెట్టే ముందు ఒక్క మాట అడుగు

అమ్మలూ,

మీ నాన్నకి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మెదడుకి పాకిందని, రేడియేషన్ ఇస్తామన్నారని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మీ పెదనాన్నకి ఇదే జబ్బు వచ్చినప్పుడు రేడియేషన్ అంటే అంతా ఒకటే అనుకుని, ఏమీ అడక్కుండా సంతకం పెట్టేశాను. నువ్వలా చేయకు.

తల మొత్తానికి ఇస్తారా, గడ్డలకి మాత్రమేనా అని అడుగు. గడ్డలు కొన్నే ఉండి చిన్నవైతే, ఒక్కోదానికీ గురిపెట్టి ఒక్కరోజులోనో మూడు నుంచి ఐదు విడతల్లోనో పెద్ద డోసు ఇస్తారు. దాన్నే రేడియోసర్జరీ అంటారు, గామా నైఫ్, సైబర్ నైఫ్ అలాంటివే, పేరులో కత్తి ఉన్నా కోత ఉండదు. మెలనోమా చిన్న చిన్న డోసులకి తేలిగ్గా లొంగదు, పైగా తల మొత్తానికి ఇస్తే మతిమరుపు వచ్చే అవకాశం ఎక్కువ. గడ్డలు మరీ ఎక్కువున్నా, మెదడు పొరలకి పాకినా మొత్తానికి ఇవ్వాల్సి రావచ్చు, అప్పుడు కూడా ఎందుకో చెప్పించుకో.

గడ్డలో బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉందేమో చూసే టెస్ట్ చేశారా? ఆ మార్పు ఉన్నవాళ్లకిచ్చే మాత్రలు వాడుతుంటే రేడియేషన్ ముందూ తర్వాతా ఆపమంటారు, కాబట్టి మందులిచ్చే డాక్టరూ రేడియేషన్ డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారో లేదో నువ్వే కనుక్కో. ఒంట్లోని రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌తో పోరాడించే ఇమ్యునోథెరపీ ఇస్తున్నా, ఇద్దరూ మాట్లాడుకున్నారో లేదో అడుగు.

రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా వేసే మాస్క్ దగ్గర మాత్రం మీ నాన్నకి ముందే ధైర్యం చెప్పు. వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలని ముఖం మీద పరిచి, గట్టిపడేదాకా అదిమి ఉంచుతారు, తర్వాత దాన్ని బల్లకి బిగించేస్తారు. మీ పెదనాన్న బయటికొచ్చేసరికి నుదుటి మీద ఆ వల గళ్లు ఎర్రగా అచ్చుపడి ఉండేవి, అవి పోయేదాకా నేను వేళ్లతో మెల్లగా రాస్తూ కూర్చునేదాన్ని. ఊపిరాడనట్టుంటే చెయ్యెత్తమను, ఆపుతారు. టెన్షన్ ఎక్కువైతే ముందుగా ఒక మాత్ర ఇస్తారు, అడగడానికి మొహమాటం వద్దు.

మెదడులో వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే పొద్దున్నే తిన్నాక వేయించు, ఆలస్యమైతే రాత్రి నిద్ర పట్టదు. షుగర్ పెరుగుతుంది, కోపం కూడా, ఆ కోపం మందుది, మనసులో పెట్టుకోకు. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయొద్దు. ఫిట్స్ గానీ, ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి గానీ వస్తే క్షణం ఆగకు, ఈ గడ్డల్లో రక్తస్రావం అవుతుంటుంది.

కొన్ని నెలల తర్వాత ఎమ్మారైలో మచ్చ పెద్దదైనట్టు కనిపించొచ్చు. అది జబ్బే కానక్కర్లేదు, రేడియేషన్ వల్ల కణజాలం చచ్చినా అలాగే కనిపిస్తుంది, ఇంకేం పరీక్షతో తేలుతుందో అడుగు. రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలో చూసుకునే ప్లానింగ్ స్కాన్ ఏ రోజో చెప్పు, నేనొచ్చి మీ అమ్మ పక్కన కూర్చుంటాను.

మీ పెద్దమ్మ