ట్యాబ్ మూసేస్తే ఏటవుద్ది?

బ్రౌజర్‌లో ఫ్రీగా ఆడే గేముల మీద ఈసారి విశాఖ పాఠకులు అడిగిన ప్రశ్నలు, నెట్ సెంటర్ల రోజుల్నుంచీ ఆడుతున్న ఒక ప్లేయర్ జవాబులు.

ప్రశ్న: మావాడు ఏడో తరగతి. ఫోన్ ఇవ్వట్లేదని ల్యాప్‌టాప్‌లో ఏదో పాముల గేము ఆడుతున్నాడు. "ఫ్రీయేనమ్మా, డౌన్‌లోడ్ కూడా అక్కర్లేదు" అంటాడు. నమ్మొచ్చా? (ఒక తల్లి, గాజువాక)

అమ్మా, అది స్లిథర్.ఐఓ అయ్యుంటుంది. 2016లో వచ్చింది, అంతకుముందు ఏడాది వచ్చిన అగార్.ఐఓ అనే గేము దారిలోనే. అకౌంట్ అక్కర్లేదు, ఏదో ఒక పేరు కొట్టి ప్లే నొక్కితే చాలు, నిన్నగాక మొన్న వచ్చిన చిన్న పాము కూడా పెద్ద పాముకి అడ్డం తిరిగి దాని తల తనకి తగిలేలా చేస్తే ఆ పెద్దది మెరిసే గింజలైపోద్ది, నాకు దాన్లో నచ్చేది అదే. గేముతో భయం లేదండీ. భయమల్లా చుట్టూ ఉండే యాడ్స్‌తోనే, ముఖ్యంగా నకలు సైట్లలో. పెద్ద ఆకుపచ్చ బటన్ ఉంటుంది, పిల్లలు అదే ప్లే అనుకుని నొక్కేస్తారు. "నోటిఫికేషన్లు పంపమంటారా" అని అడిగితే అలౌ కొట్టేస్తారు, ఇక గేము మూసేసినా చెత్త మెసేజీలు వస్తూనే ఉంటాయి. ఈ రాత్రికే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి తెలియని సైట్ల పేర్లన్నీ తీసెయ్యండి. బొమ్మ గీస్తే మిగతావాళ్ళు మాట కనిపెట్టే స్క్రిబుల్.ఐఓ లాంటివాటిల్లో చాట్ ఉంటుంది, ముక్కూమొహం తెలియనోళ్ళుంటారు, కాబట్టి ప్రైవేట్ రూమ్ పెట్టి లింక్ క్లాస్‌మేట్స్‌కి మాత్రమే పంపుకోమనండి. డబ్బులు కట్టి ఆడే గేమ్ యాడ్ కనబడిందా, ఆ సైటే మానిపించెయ్యండి. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది.

ప్రశ్న: అన్నా, కాయిన్లు కొనమని అడిగే గేములంటే నీకు పడదని మా ఫ్రెండ్స్ అంటారు. మరి తయారుచేసినోడికీ పొట్ట ఉంటుంది కదా? (ఇంజనీరింగ్ స్టూడెంట్, మధురవాడ)

ఉంటుంది తమ్ముడూ, ఎందుకుండదు. యాడ్ పెట్టుకోమను, నచ్చినోళ్ళని డబ్బులిమ్మని అడగమను, నేనూ ఇస్తాను. నేను చూసేది ఒక్కటే, ట్యాబ్ మూసేస్తే ఏటవుద్ది? ఏమీ కాకపోతే అది నిజంగా ఫ్రీ గేము. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన ఫార్మ్‌విల్ గుర్తుందా, విత్తనం వేసి టైముకి తిరిగి రాకపోతే పంట ఎండిపోయేది. నేల నీది కాదు, పంట నీది కాదు, కానీ ఎండిపోతే మనసు మాత్రం పీకుతుంది, ఆ పీకుడు మీదే వ్యాపారం నడుస్తుంది.

నా సంగతి చెప్తాను. 2012లో ఒక కోట కట్టే గేము ఆడేవాణ్ణి, పేరొద్దు. గోడ కట్టాలంటే ఎనిమిది గంటలు ఆగాలి లేదంటే నాణేలు కొనాలి, మనం పడుకుంటే పక్కోడు దాడి చేసి ధాన్యం ఎత్తుకుపోతాడు. సింహాచలంలో మా అక్క పెళ్ళి, తాళి కట్టే టైముకి నేను మండపం వెనక ఫోన్‌లో సైన్యాన్ని దాచుకుంటున్నాను, మా అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది కానీ అప్పటికే అయిపోయింది. ఫోటోల్లో నేను లేను. పన్నెండేళ్ళు దాటినా ఆ ఆల్బమ్ తెరిస్తే బాధే. ఒక్క రూపాయి కట్టలేదు ఆ గేముకి, అయినా దాన్ని ఫ్రీ అని నేననను.

ప్రశ్న: ద్వారకానగర్ నెట్ సెంటర్‌లో మా చెల్లీ నేనూ ఒకే కీబోర్డు మీద ఫైర్‌బాయ్ అండ్ వాటర్‌గర్ల్ ఆడేవాళ్ళం. ఆ పాత గేములన్నీ ఏమైపోయాయి? (బ్యాంకు ఉద్యోగి, సీతమ్మధార)

ఈ ఉత్తరం చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయానండీ. యారో కీస్ నిప్పు పిల్లాడివి, ఏ, డబ్ల్యూ, డి నీళ్ళ పిల్లవి, వాడు నీళ్ళలో పడకూడదు, ఆ పిల్ల నిప్పులో పడకూడదు, ఆకుపచ్చ బురద ఇద్దరికీ చావే. ఒకళ్ళు మీట మీద నిలబడితే గానీ ఇంకొకళ్ళకి తలుపు తెరుచుకోదు, మోచేతులు తగులుతూ "ఆగవే, ఆగవే" అని అరుచుకుంటూ ఆడాల్సిందే.

అవన్నీ ఫ్లాష్ అని, బ్రౌజర్‌లో గేములూ బొమ్మలూ ఆడించే అడోబీ కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి. ఫ్లాష్‌లో సెక్యూరిటీ లోపాలు ఎక్కువ, ఐఫోన్ మొదట్నుంచీ దాన్ని రానివ్వలేదు, బ్రౌజర్లు ఆ పని వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేకుండా హెచ్‌టీఎమ్ఎల్5 అనే పద్ధతితో చెయ్యడం నేర్చుకున్నాయి, చివరికి అడోబీ 2020 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్‌లో ఏ గేమూ తెరుచుకోకుండా చేసింది. వేల మంది కుర్రాళ్ళు ఇళ్ళలో కూర్చుని చేసి ఊరికే పంచిపెట్టినవి ఒక్క తారీఖుతో పోవాల్సిందే. పోనివ్వలేదు కొందరు. ఫ్లాష్‌పాయింట్ అని వాలంటీర్లు లక్షకి పైగా గేములు దాచారు, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుని ఆడుకోవచ్చు. రఫుల్ అని ఇంకోటుంది, ఫ్లాష్ లేకుండానే పాత ఫైళ్ళని బ్రౌజర్‌లో ఆడిస్తుంది, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాడేది అదే. మీ గేము మాత్రం హెచ్‌టీఎమ్ఎల్5లోకి మారింది, పేరు కొడితే వచ్చేస్తుంది. చెల్లెలు ఊళ్ళో ఉన్నప్పుడు కూర్చోండి.

ప్రశ్న: ఒకే అంకె ఉన్న గడుల్ని జరిపి కలుపుకుంటూ పోయే 2048 గేములో 512 దాటట్లేదు. (డిగ్రీ విద్యార్థిని, పెందుర్తి)

పెద్ద అంకెని కింద ఒక మూలన పెట్టి కదపకమ్మా, పైకి నొక్కడం మర్చిపో, కింద, ఎడమ, కుడి చాలు. ఇరుక్కుపోతేనే పైకి. ఆ గేము చేసిన ఇటలీ కుర్రాడికి 2014లో పందొమ్మిదేళ్ళు, ఒక వీకెండ్‌లో చేసి కోడ్‌తో సహా ఫ్రీగా ఇచ్చేశాడు. కానీ దానికి నెల ముందే త్రీస్ అనే గేము వచ్చింది, దాన్ని చేసినవాళ్ళు ఏడాదికి పైగా కష్టపడ్డారు, ఆ ఆలోచన అసలు వాళ్ళది. అది కూడా ఒకసారి ఆడి చూడు.

ప్రశ్న: స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాను. పాత కంప్యూటర్. చెస్ ఆడదామంటే ప్రతి సైటూ ప్రీమియం కొనమంటోంది. (ఉక్కునగరం)

మాస్టారూ, లీచెస్ అనే చెస్ సైట్‌కి వెళ్ళండి. 2010లో ఒక ఫ్రెంచాయన మొదలుపెట్టాడు, లాభాపేక్ష లేని సంస్థ, విరాళాల మీద నడుస్తుంది, యాడ్ అన్నదే లేదు. ఆట అయిపోయాక మీ తప్పులు కంప్యూటర్‌తో చూపిస్తుంది, పజిల్స్ ఎన్నయినా చెయ్యొచ్చు, డబ్బు కట్టనోడికీ కట్టినోడికీ ఒక్కటే సదుపాయం, కట్టినోడి పేరు పక్కన చిన్న రెక్కల బొమ్మ వస్తుంది, అంతే. నా పేరు పక్కన ఉంది ఆ బొమ్మ. పది నిమిషాల ఆటతో మొదలుపెట్టండి, ఒక నిమిషం ఆటల జోలికి ఇప్పుడే పోవద్దు, పాత మౌస్‌తో చెయ్యి అందుకోదు. కంప్యూటర్‌తో ఆడాలంటే ఎనిమిది లెవెల్స్ ఉంటాయి, మూడో లెవెల్ దగ్గర మొదలుపెట్టి చూడండి.